చేప గుడ్డు బతికిందంటే చాలదు

ఈ నెల 'నీటి జీవాలు' శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఫ్లేమ్ రిటార్డెంట్ల గురించే. ప్లాస్టిక్, ఫోమ్, గుడ్డ తొందరగా అంటుకోకుండా తయారీలో కలిపే రసాయనాలివి. అవి నీళ్ళలో చేరి చేప పిండాల్ని ఏం చేస్తాయన్నది నా పరిశోధన రోజుల నుంచీ నన్ను వదలని విషయం. అందుకే మిగతా ఉత్తరాలు వచ్చే నెలకి ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

అమ్మా, నమస్కారం. మాది చిన్న హేచరీ. బొచ్చె, శీలావతి స్పాన్, అంటే అప్పుడే పొదిగిన పిల్లల్ని తీస్తాం. కాలువ నీళ్ళే వాడతాం. మాకు ఎగువన ఒకాయన పాత టీవీలు, కంప్యూటర్లు, వైర్లు కొని రాత్రిపూట తగలబెట్టి రాగి తీస్తున్నాడు. ఈ సీజన్‌లో గుడ్డు బాగానే పగులుతోంది కానీ మూడో రోజుకి పిల్ల అడుగున పడిపోతోంది. టీవీ డబ్బాల్లో మంట అంటుకోకుండా కలిపే మందు చేప గుడ్లకి హాని చేస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? నీళ్ళు ఎక్కడ పరీక్ష చేయించాలి? (ఒక పాఠకుడు, ఆకివీడు)

మీ అబ్బాయి చెప్పింది నిజమే. అయితే మీ స్పాన్ పడిపోవడానికి అదొక్కటే కారణమని ఉత్తరం చూసి తేల్చకూడదు. మూడో రోజంటే పచ్చసొన అయిపోయి పిల్ల నోటితో తినడం మొదలుపెట్టే సమయం. ఆ దశలో దానికి ఏ చిన్న ఇబ్బందీ తట్టుకునే శక్తి ఉండదు. రాత్రిపూట ఆక్సిజన్ పడిపోయినా, బోరు నీళ్ళు కలిపినప్పుడు ఇనుము ఎక్కువైనా, తల్లి చేపలు పూర్తిగా పక్వానికి రాకముందే గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ చేసినా ఇలాగే అడుగున పడతాయి. ముందు ఇవి చూసుకోండి. వీటికి పరీక్షలు మీ చుట్టుపక్కల ఆక్వా ల్యాబుల్లోనే అవుతాయి.

ఆ మంటల గురించి నాకు మొదట వచ్చే అనుమానం ఫ్లేమ్ రిటార్డెంట్ల మీద కాదు, రాగి మీద. వైర్లు కాల్చిన బూడిద వానకి కొట్టుకొచ్చి కాలువలో పడితే అందులో రాగి, సీసం ఉంటాయి. చేప పిండానికి రాగి చాలా తక్కువ మోతాదులోనే విషం. కాబట్టి నీటి పరీక్షలో రాగిని తప్పకుండా అడగండి.

ఇక మీరడిగిన మందుల సంగతి. పాత టీవీల వెనక డబ్బాల్లో ఎక్కువగా వాడింది పీబీడీఈలనే బ్రోమిన్ రసాయనాలు. ఇవి ప్లాస్టిక్‌తో రసాయనికంగా కలిసిపోవు, ఉప్మాలో జీడిపప్పులాగా మధ్యలో ఉంటాయంతే. అందుకే ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తూనే ఉంటాయి. కాల్చితే ఇంకా అన్యాయం: వాటిలోంచి బ్రోమిన్ ఉన్న డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషాలు పుడతాయి. పీబీడీఈలు నీళ్ళలో దాదాపు కరగవు. బురదకీ, కొవ్వుకీ పట్టుకుంటాయి. నీళ్ళ శాంపిల్‌లో కనబడకపోయినా కాలువ అడుగు మట్టిలో ఉండొచ్చన్నమాట. ఆ మట్టిని కెలికి తినే చేప ఏది? బంగారుతీగ. 2004లో అమెరికాలో హెదర్ స్టేపుల్టన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు బంగారుతీగ పిల్లలకి మేతలో బీడీఈ-209 కలిపి పెట్టారు. పీబీడీఈల్లోనే పది బ్రోమిన్ పరమాణువులున్న పెద్ద రసాయనం అది. ఇంత పెద్దది ఒంట్లోకి ఎక్కదు, ప్రమాదం లేదు అని అప్పట్లో ఒక వాదన ఉండేది. చేప ఒంట్లో బీడీఈ-209 నిలవలేదు, నిజమే. కానీ అది విరిగి తయారైన చిన్న రసాయనాలు, అయిదు నుంచి ఎనిమిది బ్రోమిన్‌లున్నవి, కనబడ్డాయి. చేపే దాన్ని విరగ్గొట్టుకుంది. ఆ చిన్నవే ఎక్కువ తేలిగ్గా ఒంట్లో పేరుకుంటాయి.

తల్లి చేప కొవ్వులో పేరుకున్నది గుడ్డు సొనలోకి వెళ్తుంది. ఇది మీలాంటి హేచరీ వాళ్ళకి ముఖ్యమైన విషయం. పిండం బయటి నీటిని తాకకముందే లోపలి నుంచి మందు అందుతుంది. కాబట్టి తల్లి చేపల్ని పెంచే చెరువుకి ఏ నీళ్ళు వస్తున్నాయో కూడా చూడండి. గుడ్ల తొట్టి నీళ్ళు మాత్రమే చూస్తే సరిపోదు.

ఈ రసాయనాల్లో కొన్నిటి ఆకారం థైరాయిడ్ హార్మోన్‌కి దగ్గరగా ఉంటుంది. రక్తంలో ఆ హార్మోన్‌ని మోసే ప్రొటీన్‌కి ఇవీ, ఇవి ఒంట్లో మారి తయారైన రూపాలూ అతుక్కోగలవు. చేపపిల్ల గాలితిత్తి ఉబ్బడానికి థైరాయిడ్ హార్మోన్ సరిగా అందాలి. గాలితిత్తి ఉబ్బకపోతే పిల్ల తేలలేదు, ఈదలేదు, తినలేదు. అడుగున పడిపోవడం అనే మీ లక్షణం దీనికీ సరిపోతుంది. సరిపోయినంత మాత్రాన రుజువైనట్టు కాదు. మీరు చేయగలిగిన రుజువు ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. ఒకే తల్లి గుడ్లని రెండు భాగాలు చేసి ఒకటి కాలువ నీళ్ళలో, ఒకటి మీరు నమ్మే వేరే నీళ్ళలో, అదే వేడి, అదే గాలి ఇచ్చి పెట్టండి. రెండు చోట్లా పడిపోతే సమస్య తల్లి చేపల్లోనో, మీ పద్ధతిలోనో ఉంది. కాలువ నీళ్ళలోనే పడిపోతే అప్పుడు కాలువ మట్టి, నీరు శాంపిళ్ళు తీసుకుని మత్స్యశాఖ వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. పీబీడీఈ పరీక్షకి గ్యాస్ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి, మామూలు ఆక్వా ల్యాబులో అవ్వదు.

ఆ తగలబెట్టడం మీద ఫిర్యాదుకి మాత్రం ఏ రిపోర్టూ రావాల్సిన పనిలేదు. మన ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం ఆ పని రిజిస్టరైన రీసైక్లర్లే చెయ్యాలి. పంచాయతీకీ, కాలుష్య నియంత్రణ మండలికీ ఇప్పుడే రాయండి. ఫొటోలు, తేదీలు పెట్టండి. ఆ పొగ పీల్చేది మీ స్పాన్ కాదు, ఆ పని చేసే కూలీలు, వాళ్ళ పిల్లలు. ఫిర్యాదులో ఆ మాట ముందు రాయండి.

మేడమ్, మా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో జీబ్రాఫిష్ అనే చిన్న చేప గుడ్లకి టీపీహెచ్‌పీ అనే ఫ్లేమ్ రిటార్డెంట్ ఇచ్చి 96 గంటలు చూశాం. ఎక్కువ పిండాలు బతికాయి. 'ఈ మోతాదుల్లో హాని లేదు' అని రాయొచ్చా? మా గైడ్ గారు రాయమంటున్నారు, నాకు మనసు ఒప్పుకోవడం లేదు. (ఒక విద్యార్థిని, హనుమకొండ)

రాయొద్దు తల్లీ. 'ఈ మోతాదుల్లో 96 గంటల్లోపు ఎక్కువ పిండాలు చావలేదు' అని రాయి. నువ్వు చూసింది అంతే, అది మాత్రమే నిజం.

నీ పద్ధతి ఓఈసీడీ 236 అనుకుంటాను, రసాయనాల విషాన్ని చేప పిండాల మీద చూసే అంతర్జాతీయ పరీక్ష. 2013లో వచ్చిన ఆ పరీక్షలో నాలుగే చూస్తారు: గుడ్డు గడ్డకట్టిందా, వీపున ఖండాలు ఏర్పడ్డాయా, తోక సొన నుంచి విడిపడిందా, గుండె కొట్టుకుంటోందా. నాలుగూ చావుని గుర్తుపట్టడానికి పెట్టిన గుర్తులే. అందుకోసమైతే అది మంచి పరీక్ష. కానీ గుండె కొట్టుకోవడం వేరు, సరిగ్గా తయారవడం వేరు.

టీపీహెచ్‌పీ అసలు దెబ్బ గుండె మీదే. జీబ్రాఫిష్ గుండె మొదట తిన్నని గొట్టం. ఒక రోజు వయసులో కొట్టుకోవడం మొదలవుతుంది, రెండో రోజుకి గొట్టం వంపు తిరిగి రెండు గదులూ పక్కపక్కకి వస్తాయి. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ వోల్జ్ బృందం ఫైర్‌మాస్టర్ 550 అనే ఫ్లేమ్ రిటార్డెంట్ మిశ్రమంలోని రసాయనాలను విడివిడిగా పరీక్షించినప్పుడు, టీపీహెచ్‌పీ తగిలిన పిండాల్లో ఆ వంపు సరిగా రాలేదు. గుండె చుట్టూ నీరు చేరింది. విటమిన్ ఏ సంకేతాలు అందుకునే రిసెప్టర్ల ద్వారా ఇది కొంతవరకు జరుగుతుందని తర్వాత చూపించారు. అంత దెబ్బతిన్నా పిండం వెంటనే చావదు! ఆ వయసులో ఒళ్ళు ఎంత పల్చగా ఉంటుందంటే, రక్తం తిరగకపోయినా నీళ్ళలోని ఆక్సిజన్ నేరుగా చర్మం గుండా లోపలికి వెళ్తుంది. పనికిరాని గుండెతో కూడా రోజుల తరబడి బతుకుతుంది. నీ లెక్కలో అది 'బతికింది' కింద పడుతుంది.

మీ పిండాల ఫొటోలు ఉంటే మళ్ళీ తీసి చూడు. 48, 72 గంటల దగ్గర పక్క నుంచి తీసినవి. గదులు పక్కపక్కన ఉన్నాయా, ఒకదాని వెనక ఒకటి వరసలో ఉన్నాయా? గుండె సంచి ఉబ్బిందా? సొన తరిగిందా? వెన్ను వంగిందా? మళ్ళీ చేస్తే అయిదో రోజుదాకా ఉంచి, గాలితిత్తి ఉబ్బిందా లేదా కూడా చూడు. నేను మైక్రోస్కోప్ ముందు కూర్చున్న రోజుల్లో అన్నిటికంటే ముందు చూసింది ఈ గాలితిత్తినే. కళ్ళ వెనక వెండిలా మెరిసే చిన్న బుడగ. అది లేని పిల్ల పక్కకి ఒరిగి పడుకుంటుంది. మామూలు కంటికి కూడా తెలిసిపోతుంది.

మోతాదు కన్నా సమయం ముఖ్యమైన సందర్భాలున్నాయి. క్లోరిన్ ఉన్న మరో రిటార్డెంట్ టీడీసీఐపీపీ మీద అదే బృందం 2012లో చేసిన పని నాకు చాలా ఇష్టం. గుడ్డు రెండు కణాలుగా ఉన్నప్పటి నుంచీ, అంటే ఫలదీకరణ జరిగిన ముప్పావు గంట నుంచీ, మందు ఇస్తే వైకల్యాలు తీవ్రంగా వచ్చాయి. కొన్ని గంటలు ఆగి మొదలుపెడితే ప్రభావం తగ్గింది. పిండం డీఎన్‌ఏ మీద ఆ తొలి గంటల్లో మిథైల్ గుర్తులు చెరిగి మళ్ళీ పడుతుంటాయి, ఏ జన్యువు ఎప్పుడు మేలుకోవాలో చెప్పే గుర్తులవి. ఈ మందు ఆ పనిని ఆలస్యం చేసింది. మీరు గుడ్లు ఎన్ని గంటలకి నీళ్ళలోంచి తీసి మందులో వేశారో రాశారా? రాయకపోతే తప్పకుండా రాయి. ఉదయం లైటు వేశాక గుడ్లు పెట్టడం మొదలైన సమయం ల్యాబు పుస్తకంలో ఉంటుంది.

నడవడిక కూడా ఒకటి. పైకి చక్కగా కనిపించే పిల్లలు వెలుతురు ఆర్పగానే మామూలుగా గబగబా కదులుతాయి. రసాయనం తగిలినవి ఎక్కువగానో, తక్కువగానో కదలొచ్చు. కెమెరా ఉంటే చాలు, పెద్ద పరికరాలు అక్కర్లేదు. 2007లో బీడీఈ-47 అనే పీబీడీఈ మీద వచ్చిన ఒక అధ్యయనంలో పిండాలు ఆలస్యంగా పొదిగాయి, వెన్ను వంగింది, గుండె మొదట వేగం పెరిగి తర్వాత లయ తప్పింది, మెదడు ద్రవం ప్రవాహం తగ్గింది. ఆ పరిశోధకులు చావులు మాత్రమే లెక్కపెట్టి ఆగిపోయుంటే ఇందులో ఒక్కటీ బయటపడేది కాదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా రాయాలి. ల్యాబుల్లో మనం వాడే మోతాదులు చాలావరకు నదుల్లో ఉండే దానికంటే బాగా ఎక్కువ. మీవీ అంతే అయ్యుంటాయి. పైగా ఈ రసాయనాలు ప్లాస్టిక్ ప్లేట్ల గోడలకి అతుక్కుంటాయి. మీరు వేసిన మోతాదు ఒకటి, పిండానికి అందింది ఒకటి. కొలిచి చూడకపోతే 'వేసిన మోతాదు' అని స్పష్టంగా రాయి. మందు లేకుండా, దాన్ని కరిగించే ద్రావకం మాత్రమే వేసిన గుడ్ల వరస ఫలితాలు విడిగా చూపించు.

మీ గైడ్ గారి దగ్గరికి ఫొటోలతో వెళ్ళు. వాదించొద్దు, చూపించు. హైదరాబాద్‌లో సీసీఎంబీలోనూ, డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ జీబ్రాఫిష్ మీద పనిచేసేవాళ్ళున్నారు. గుండె వంపు కొలవడం ఎలాగో మర్యాదగా ఒక మెయిల్ రాసి అడుగు. ఈ చేప మన దేశపు వాగుల్లోదే, గంగానది చేపల మీద 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ వేసిన పుస్తకంలోనే దీని వర్ణన ఉంది. మన పిల్లలు దీన్ని మనసు పెట్టి చదువుతుంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

మేడమ్ గారూ, నాకు అయిదో నెల. మా ఇంట్లో సోఫా సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, బాగా పాతది. చేప పిల్లల మీద ప్రయోగాల గురించి చదివి చాలా టెన్షన్‌గా ఉంది. బేబీకి ఏమైనా అవుతుందా? (ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

ముందు టెన్షన్ తగ్గించుకో అమ్మా. గుడ్డుని మందు నీళ్ళలో ముంచి చేసిన ప్రయోగం నీ కడుపులో బిడ్డకి నేరుగా వర్తించదు. నీ ఒళ్ళు, మాయ, నీ థైరాయిడ్ అన్నీ మధ్యలో ఉన్నాయి. అయినా నీ ప్రశ్న అనవసరమైనదని నేను అనను. నువ్వున్న రాష్ట్రానికి ఈ విషయంతో ప్రత్యేకమైన సంబంధం ఉంది.

1975లో కాలిఫోర్నియా టీబీ 117 అనే నిబంధన పెట్టింది. సోఫా లోపలి ఫోమ్ చిన్న మంటని 12 సెకన్లు తట్టుకోవాలి. దాన్ని దాటడానికి కంపెనీలు ఫోమ్‌లో ఈ రసాయనాలు దట్టించాయి. ఒక రాష్ట్రానికి వేరుగా చేయడం ఎందుకని దేశమంతటికీ అవే అమ్మాయి. మీ దగ్గర సాలినాస్ లోయలో తల్లీబిడ్డల్ని ఏళ్ళ తరబడి గమనిస్తున్న బ్రెండా ఎస్కెనాజీ బృందం 2013లో, గర్భంలో పీబీడీఈలు ఎక్కువ అందిన పిల్లల్లో ఏకాగ్రత, చేతి వేళ్ళ నైపుణ్యం, ఐక్యూ కొంత తక్కువగా ఉన్నాయని రాసింది. వందల మంది సగటులో కనబడిన తేడా అది, ఏ ఒక్క బిడ్డ జాతకమూ కాదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. సోఫా కుషన్ కింద లేబుల్ చూడు. 2015 నుంచి అమ్మిన వాటి మీద ఫ్లేమ్ రిటార్డెంట్లు కలిపారా లేదా అని టిక్ పెట్టి ఉంటుంది. 'టీబీ 117' అని మాత్రమే ఉండి పక్కన 2013 లేకపోతే పాతదన్నమాట. కవర్ చిరిగి ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే, కుదిరితే దాన్ని బయటికి పంపేయండి. ఆ పని నువ్వు చేయొద్దు, మీ ఆయన్ని చేయమను. నువ్వు ఆ గదిలో కూడా ఉండకు. మార్చడం కుదరకపోతే మంచి కవర్ వేసి కుట్టించండి. 2020 నుంచి మీ రాష్ట్రంలో కొత్త సోఫాల్లో, పరుపుల్లో, పిల్లల సామాన్లలో వీటిని 0.1 శాతానికి మించి కలపకూడదు, కాబట్టి ఉయ్యాల, పరుపు కొత్తవే కొనండి, ఎవరో ఇచ్చిన పాతవి వద్దు.

ఇవి ఒంట్లోకి ఎక్కువగా వచ్చే దారి ఇంటి దుమ్ము. పొడి చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిపించు. అన్నం ముందు చేతులు కడుక్కో. మన అలవాటు ప్రకారం చేత్తోనే కదా తింటాం. గోళ్ళ రంగుల్లో కూడా కొన్నిటిలో టీపీహెచ్‌పీ ఉంటుంది, డెలివరీ అయ్యేదాకా మానేస్తే పోయేదేం లేదు. థైరాయిడ్ పరీక్ష మీ డాక్టర్ చెప్పినప్పుడల్లా చేయించుకో.

అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మంటల్లో చిక్కుకున్న పిల్లల్ని కళ్ళారా చూసినవాణ్ణి. చేప గుడ్ల కోసం మనుషుల రక్షణ వదులుకోమంటారా? (ఒక పాఠకుడు, విజయవాడ)

మీ ప్రశ్నలో కోపం ఉంది, దానికి కారణమూ ఉంది. మీ అనుభవానికి నమస్కారం. అయితే ఇవి అన్నిచోట్లా మనుషుల్ని కాపాడుతున్నాయా అన్నది వేరే ప్రశ్న. విమానం లోపల, కరెంటు సర్క్యూట్ బోర్డుల్లో మంటని అడ్డుకోవడం అవసరం, దాన్ని నేను కాదనను. సోఫా విషయంలో మొదట అంటుకునేది పైగుడ్డ. అది పెద్ద మంటగా మారాక లోపలి ఫోమ్‌లో ఉన్న కాస్త మందు నిలబడదు. పైగా బ్రోమిన్, క్లోరిన్ రసాయనాలు పొగనీ విషవాయువుల్నీ పెంచుతాయి. మంటల్లో ప్రాణాలు తీసేది ఎక్కువగా పొగే అన్న సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే కాలిఫోర్నియా 2013లో నిబంధన మార్చి, సిగరెట్‌లాంటి నిప్పుతో పైగుడ్డ రాజుకుంటుందా అని పరీక్షించడం మొదలుపెట్టింది. ఇంట్లో పొగని పసిగట్టి మోగే అలారం పెట్టుకోవడం ఫోమ్‌లో మందు కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని నేను నమ్ముతాను.

నా కోపం ఇంకోచోట ఉంది. ఒక మందు తప్పని తేలేలోపు రెండోది వచ్చేస్తుంది. 1977లో ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్తలు పిల్లల రాత్రి దుస్తుల్లోని ట్రిస్ అనే ఫ్లేమ్ రిటార్డెంట్ జన్యువుల్ని దెబ్బతీస్తుందని రాశారు. అదే ఏడాది దాన్ని ఆ దుస్తుల్లో నిషేధించారు. దానికి దగ్గరి చుట్టమైన క్లోరిన్ ట్రిస్, నేను పైన చెప్పిన టీడీసీఐపీపీ, తర్వాత సోఫాల్లోకి వచ్చింది. పెంటా, ఆక్టా రకాల పీబీడీఈల్ని ప్రమాదకర రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో తొలగించాల్సిన వాటి జాబితాలో పెట్టింది, డెకా రకాన్ని 2017లో. మన దేశం 2018లో ఏడు రసాయనాల్ని నిషేధించినప్పుడు పెంటా, ఆక్టా అందులో ఉన్నాయి, డెకా లేదు. పెంటా పోయాక వచ్చిన ఫైర్‌మాస్టర్ 550లోనే పైన హనుమకొండ నుంచి రాసిన అమ్మాయి పరీక్షించిన టీపీహెచ్‌పీ ఉంది. ప్రతిసారీ ముందు ఇళ్ళలోకి వస్తుంది, తర్వాత చేప పిండం మీద పరీక్ష జరుగుతుంది. ఈ వరస తిరగబడాలి. అమ్మకానికి రాకముందే గుండె, గాలితిత్తి, నడవడిక చూసే పరీక్ష అయిదు రోజుల్లో అయిపోతుంది. అయిదు రోజులు ఆగడం ఏ కంపెనీకీ భారం కాదు.

గోదావరి చేపలు తినడం మానేయాలా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

మానేయొద్దు. చేపలో ఉన్న మేలు పోగొట్టుకోవద్దు. ఈ రసాయనాలు కొవ్వులో ఉంటాయి కాబట్టి పెద్ద, కొవ్వు పట్టిన చేపలకి పొట్ట కొవ్వు తీసేసి వండండి, అదే చేప రోజూ కాకుండా మార్చి మార్చి తెచ్చుకోండి. చెత్త కాల్చే చోటుకి పక్కనే ఉన్న మురుగు కాలువలో పట్టిన చేపైతే మాత్రం, ఎంత చవకగా ఇచ్చినా కొనొద్దు.